శాశ్వత సభ, అశాశ్వత ఓటరు: శాసనమండలి నిర్మాణం – నిజామాబాద్ స్థానిక సంస్థల నియోజకవర్గం

వ్యాససంగ్రహం:
రాష్ట్ర శాసనమండలి రద్దుకాని సభ. అందులో మూడోవంతు సభ్యులను ఎన్నుకొనే స్థానిక సంస్థలు మాత్రం ఐదేళ్లకు ముగిసిపోతాయి. ఈ రెండింటి మధ్య ఉన్న వైరుధ్యాన్ని నిజామాబాద్ పట్టణం, బోధన్ చెరకు ప్రాంతం ఉన్న స్థానిక సంస్థల నియోజకవర్గం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో తిరిగివచ్చి, 2014లో విడిపోయిన మండలి చరిత్రను, అదే కాలంలో పంచాయతీరాజ్ వ్యవస్థలో వచ్చిన మార్పులతో జతచేసి చూస్తుంది. మండలి ఉండాలా వద్దా అన్న ప్రశ్న కంటే, మండలిని ఎన్నుకొనేది ఎవరు అన్న ప్రశ్న ఈ ప్రాంతానికి ముఖ్యమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శాసనమండలి, 171వ అధికరణం, స్థానిక సంస్థలు, నిజామాబాద్, బోధన్, నిజాం షుగర్స్, పంచాయతీరాజ్.

1. ఉపోద్ఘాతం

2015 డిసెంబరులో ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో రెండు ఘటనలు జరిగాయి. స్థానిక సంస్థల నియోజకవర్గం నుంచి శాసనమండలికి జరగవలసిన ఎన్నిక, నామినేషన్ల ఉపసంహరణ గడువుతోనే ముగిసిపోయింది. బరిలో ఒక్కరే మిగిలినందున ఆర్. భూపతిరెడ్డి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. పోలింగు అవసరం రాలేదు. అదే నెల 23న బోధన్‌లోని శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారానికి లాకౌట్ ప్రకటించారు. మెదక్, కరీంనగర్ జిల్లాల్లోని మరో రెండు యూనిట్లు కూడా దానితోపాటే మూతపడ్డాయి.

ఈ రెండు ఘటనల మధ్య కార్యకారణ సంబంధం లేదు. అయితే చెరకు రైతుకు, కార్మికునికి అత్యంత క్లిష్టమైన నెలలో వారి ప్రాంతం నుంచి ఎగువసభకు ప్రతినిధి ఒక్క ఓటు కూడా పడకుండా ఎన్నికయ్యారన్నది గమనించదగిన విషయం. ఇది చట్టవిరుద్ధం కాదు, పూర్తిగా చట్టబద్ధమే. ప్రశ్న చట్టం ఉల్లంఘన గురించి కాదు, ఆ చట్టం రూపొందించిన నిర్మాణం గురించి.

2. మండలి లేని రాష్ట్రం నుంచి మండలి ఉన్న రాష్ట్రానికి

హైదరాబాద్ సంస్థానంలో శాసనాలు రూపొందించే మండలి 1893 నుంచి ఉంది. అది పాలకునికి సలహా ఇచ్చే సభ. ఆ తర్వాత అరవముదు అయ్యంగార్ సంఘం సిఫార్సులపై 1939లో ప్రకటించిన సంస్కరణల్లో 85 మంది సభ్యుల సభను ప్రతిపాదించారు. అందులో 42 మంది ఎన్నికయ్యేవారు. ఆ ప్రాతినిధ్యానికి ఆధారం భౌగోళిక నియోజకవర్గం కాదు, వృత్తి ప్రయోజనం. పట్టాదారులు, కౌలుదారులు, కార్మికులు, వర్తకులు, పట్టభద్రులు వంటి వర్గాలవారీగా స్థానాలు కేటాయించారు. ఓటుహక్కు పరిమితమైనది, అధికారం నామమాత్రం. బాధ్యతాయుత ప్రభుత్వం కోరిన స్టేట్ కాంగ్రెస్ ఆ సంస్కరణలను తిరస్కరించింది. అయినా భూమి దున్నేవాడిని ఒక ప్రత్యేక వర్గంగా శాసనసభ నిర్మాణంలో గుర్తించిన ప్రణాళికగా దానికి చారిత్రక ప్రాధాన్యం ఉంది.

రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు ఎగువసభ అవసరమా కాదా అన్న నిర్ణయం ఆయా ప్రాంతాల అభిప్రాయాన్ని బట్టి జరిగింది. మద్రాసు, బొంబాయి వంటి రాష్ట్రాలకు రెండు సభలు వచ్చాయి. పూర్వ సంస్థానాల్లో మైసూరుకు మండలి లభించగా హైదరాబాద్ రాష్ట్రం ఏకసభకే పరిమితమైంది. 1952 ఎన్నికలతో ఏర్పడిన హైదరాబాద్ శాసనసభలో 175 స్థానాలు ఉండేవి. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి కూడా మండలి లేదు. కాబట్టి 1956లో కలిసిన రెండు ప్రాంతాలూ ఏకసభతోనే ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశించాయి.

1956 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మండలి కోసం తీర్మానించింది. పార్లమెంటు 1957లో శాసనమండళ్ల చట్టం చేసింది. 1958 జులై 1న మండలి ఏర్పడగా, అదే నెల 8న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ దానిని ప్రారంభించారు. నిజామాబాద్ జిల్లా ఓటర్లకు భారత రాజ్యాంగం కింద ఎగువసభతో పరిచయం అప్పటి నుంచే మొదలైంది.

3. సభకు ఐదు ద్వారాలు

169వ అధికరణం ప్రకారం మండలిని ఏర్పరచడానికైనా, రద్దు చేయడానికైనా శాసనసభ ప్రత్యేక మెజారిటీతో తీర్మానించాలి: మొత్తం సభ్యత్వంలో మెజారిటీ, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండువంతుల మద్దతు ఉండాలి. ఆపై పార్లమెంటు చట్టం చేయాలి. అంటే ఎగువసభ ఉనికి దిగువసభ సంకల్పంపై ఆధారపడి ఉంటుంది.

సభ్యుల సంఖ్య, వర్గాలు 171వ అధికరణంలో ఉన్నాయి. మండలి సభ్యుల సంఖ్య శాసనసభ సంఖ్యలో మూడోవంతుకు మించరాదు, 40కి తగ్గరాదు. తెలంగాణ శాసనసభలో 119 మంది ఎన్నికైన సభ్యులున్నారు. అందులో మూడోవంతు 40కి కొద్దిగా తక్కువ. కనుక తెలంగాణ మండలి రాజ్యాంగం అనుమతించే కనిష్ఠ సంఖ్య వద్దనే నిలిచింది. ఆ 40 స్థానాల పంపిణీ ఇలా ఉంది: శాసనసభ్యులు ఎన్నుకొనేవి 14, స్థానిక సంస్థలవి 14, పట్టభద్రులవి 3, ఉపాధ్యాయులవి 3, గవర్నర్ నామినేట్ చేసేవి 6. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఏర్పడిన 90 మంది సభలో ఇవి వరుసగా 31, 31, 8, 8, 12.

సభ్యునికి కనీసం 30 ఏళ్ల వయసు ఉండాలి, పదవీకాలం ఆరేళ్లు. ప్రతి రెండేళ్లకు మూడోవంతు సభ్యులు విరమిస్తారు కాబట్టి సభ ఎన్నడూ పూర్తిగా ఖాళీ కాదు. అధికారాలు పరిమితమైనవి. సాధారణ బిల్లును మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్లీ ఆమోదించి పంపితే మరో నెల మాత్రమే ఆపగలదు. ద్రవ్యబిల్లు విషయంలో గడువు 14 రోజులు. మంత్రిమండలి శాసనసభకే బాధ్యత వహిస్తుంది. రాష్ట్రపతి ఎన్నికలోనూ, రాజ్యసభ ఎన్నికలోనూ మండలి సభ్యులకు ఓటు లేదు.

అందువల్ల మండలి విలువ దాని అధికారంలో కంటే దాని ప్రాతినిధ్యంలోనే వెతకాలి. శాసనసభలో వినిపించని గొంతు అక్కడ వినిపిస్తేనే ఆ సభకు ప్రత్యేక ప్రయోజనం. నిజామాబాద్ అనుభవాన్ని ఈ కొలమానంతోనే పరిశీలించాలి.

4. రద్దు కాలంలో మారిన ఓటరు

1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం మండలి రద్దు కోరుతూ అదే ఏడాది తీర్మానం చేయించింది. 1985లో మరో తీర్మానం తర్వాత పార్లమెంటు రద్దు చట్టం ఆమోదించగా, ఆ ఏడాది మే 31న మండలి అంతరించింది. 1990 జనవరిలో పునరుద్ధరణ కోరుతూ తీర్మానం జరిగింది. రాజ్యసభ బిల్లును ఆమోదించినా, 1991లో లోక్‌సభ రద్దుతో అది మురిగిపోయింది. 2004 జులై తీర్మానం తర్వాతే పార్లమెంటు చట్టం వచ్చింది. 2007 మార్చి 30న మండలి మళ్లీ ఏర్పడి, ఏప్రిల్ 2న ప్రారంభమైంది.

చరిత్రకారులు సాధారణంగా ఈ ఘట్టాన్ని పార్టీల మధ్య స్పర్ధగా వివరిస్తారు. అది నిజమే. కానీ సుమారు 22 ఏళ్ల ఆ విరామంలో మరొక మార్పు నిశ్శబ్దంగా జరిగింది. మండలిని ఎన్నుకొనే స్థానిక సంస్థల స్వరూపమే మారిపోయింది.

1959లో మొదలైన మూడంచెల వ్యవస్థలో గ్రామ సర్పంచులే పంచాయతీ సమితి సభ్యులు. గ్రామంలో గెలిచినవాడు సమితి ద్వారా పై అంచెకు చేరేవాడు. 1986 చట్టం సమితుల స్థానంలో మండలాలను తెచ్చింది. 73వ రాజ్యాంగ సవరణను అనుసరించి వచ్చిన 1994 పంచాయతీరాజ్ చట్టం, మండల ప్రాదేశిక నియోజకవర్గ సభ్యుడిని, జిల్లా ప్రాదేశిక నియోజకవర్గ సభ్యుడిని ప్రజలే నేరుగా ఎన్నుకొనే పద్ధతి తెచ్చింది. సర్పంచు మండల పరిషత్తులో ఓటు లేని ఆహ్వానితుడయ్యాడు.

2007లో తిరిగివచ్చిన మండలికి ఓటర్లుగా లభించినవారు ఈ కొత్త వ్యవస్థ సభ్యులు. మండల, జిల్లా పరిషత్తుల సభ్యులు, మున్సిపల్ కౌన్సిలర్లు, కార్పొరేటర్లు, హోదారీత్యా సభ్యులైన శాసనసభ్యులు, ఎంపీలు ఈ జాబితాలో ఉన్నారు. సర్పంచు, వార్డు సభ్యుడు లేరు. ఏ స్థానిక సంస్థలు ఓటర్లను అందిస్తాయో 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని నాలుగో షెడ్యూలు రాష్ట్రాలవారీగా పేర్కొంటుంది. పొరుగున ఉన్న కర్ణాటకలో గ్రామ పంచాయతీలు ఆ షెడ్యూలులో ఉన్నాయి. అందువల్ల అక్కడి గ్రామ పంచాయతీ సభ్యులు మండలి ఎన్నికల్లో ఓటు వేస్తారు. తెలంగాణలో గ్రామ పంచాయతీకి ఆ స్థానం లేదు. దీనికి రాజ్యాంగం అడ్డు కాదు. ఇది సాధారణ శాసనంతో మార్చగలిగిన ఏర్పాటు.

5. చెరకు ప్రాంతానికి ఏ ద్వారం?

మంజీరపై 1923–1931 మధ్య నిర్మించిన నిజాంసాగర్ ప్రాజెక్టు బోధన్ ప్రాంతపు వ్యవసాయాన్ని మార్చివేసింది. కాలువ నీటిపై చెరకు విస్తరించింది. 1930ల చివర శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతు కుటుంబాలు బోధన్, వర్ని, రుద్రూరు పరిసరాల్లో క్యాంపులుగా స్థిరపడ్డాయి. రుద్రూరులో చెరకు పరిశోధన కేంద్రం వెలిసింది. నిజామాబాద్ సమీపంలోని సారంగాపూర్‌లో సహకార రంగంలో మరో చక్కెర కర్మాగారం నడిచింది. రైతు, కోత కూలీ, బండి తోలేవాడు, లారీ యజమాని, ఫ్యాక్టరీ కార్మికుడు, బోధన్ బజారులోని వర్తకుడు ఒకే గానుగ కాలంపై ఆధారపడిన సమాజం ఇది.

2002లో బోధన్ సహా మూడు యూనిట్లలో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థకు వెళ్లింది; ప్రభుత్వం వద్ద 49 శాతం మిగిలింది. ఆ నిర్ణయం జరిగినప్పుడు రాష్ట్రంలో మండలి లేదు. 2015లో లాకౌట్ జరిగినప్పుడు మండలి ఉంది. ఈ రెండు సందర్భాల మధ్య చెరకు రైతు ప్రాతినిధ్యంలో వచ్చిన తేడా ఏమిటన్నదే అసలు ప్రశ్న.

171వ అధికరణం విద్యావంతునికి రెండు ద్వారాలు తెరిచింది: పట్టభద్రుల స్థానం ఒకటి, ఉపాధ్యాయుల స్థానం మరొకటి. రైతుకు, కార్మికునికి ఆ రీతి ద్వారం లేదు. సార్వత్రిక ఓటుహక్కు ఉన్నచోట వారి సంఖ్యాబలమే వారికి రక్షణ అన్నది దీనికి చెప్పదగిన సమాధానం. అది శాసనసభకు వర్తిస్తుంది, మండలికి వర్తించదు. మండలిలో రైతు మాట రెండు మార్గాల్లోనే చేరాలి. మొదటిది గవర్నర్ నామినేషన్. సాహిత్యం, శాస్త్రం, కళ, సంఘసేవలతోపాటు సహకారోద్యమాన్ని కూడా రాజ్యాంగం ఇక్కడ పేర్కొంది. సహకార చక్కెర కర్మాగారాన్ని చూసిన ప్రాంతానికి ఇది సహజమైన ద్వారమే. కానీ నామినేషన్ మంత్రిమండలి సలహాపై ఆధారపడుతుంది. ప్రాంతం హక్కుగా కోరగలిగినది కాదు. రెండోది స్థానిక సంస్థల నియోజకవర్గం. గ్రామీణ తెలంగాణకు ఎగువసభలో ఎన్నిక ద్వారా దక్కే ప్రధాన ద్వారం అదే.

శాసనసభ్యులు ఎన్నుకొనే స్థానాల ద్వారా ఈ జిల్లా నేతలు మండలికి వెళ్లకపోలేదు. డి. శ్రీనివాస్, ఆయన తర్వాత మహమ్మద్ అలీ షబ్బీర్ తెలంగాణ మండలిలో ప్రతిపక్ష నాయకులుగా పనిచేశారు. అయితే ఆ ద్వారంలో ఓటరు శాసనసభ్యుడు; ప్రతినిధి జవాబుదారీ పార్టీ బలానికే గాని ప్రాంతానికి కాదు.

6. మూడు ఎన్నికలు, ఒక్క పోలింగు

రాష్ట్ర విభజన తర్వాత 2021 వరకు నిజామాబాద్ స్థానిక సంస్థల స్థానానికి మూడు ఎన్నికలు జరిగాయి. ఒకే స్థానం గల ఈ నియోజకవర్గం, 2016లో కామారెడ్డి వేరు జిల్లా అయినా, ఉమ్మడి జిల్లా పరిధిలోనే కొనసాగింది.

2015లో ఎన్నిక ఏకగ్రీవం. అలా ఎన్నికైన భూపతిరెడ్డి కాంగ్రెస్‌లో చేరినందున, మండలి ఛైర్మన్ 2019 జనవరిలో పదో షెడ్యూలు కింద ఆయనను అనర్హునిగా ప్రకటించారు. ఉప ఎన్నిక 2020 ఏప్రిల్ 7కు నిర్ణయమై, కరోనా వల్ల వాయిదాపడి, అక్టోబరు 9న జరిగింది. ఇరవై నెలలకు పైగా ఆ స్థానం ఖాళీగా ఉంది.

ఉప ఎన్నికలో మొత్తం ఓటర్లు 824 మంది. ఒక్కరు తప్ప అందరూ ఓటు వేశారు. పోలైన 823 ఓట్లలో కల్వకుంట్ల కవితకు 728, బీజేపీ అభ్యర్థికి 56, కాంగ్రెస్ అభ్యర్థికి 29 వచ్చాయి, 10 చెల్లలేదు. మండలి ఎన్నికల్లో నైష్పత్తిక ప్రాతినిధ్యం, ఏక ఓటు బదిలీ పద్ధతి అమలులో ఉంటాయి. ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని ప్రాధాన్య క్రమం రాస్తాడు. ఒకే స్థానం ఉన్నచోట చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి కలిపితే కోటా. 813 చెల్లిన ఓట్లకు అది 407. తొలి ప్రాధాన్యంలోనే కోటా దాటినందున రెండో ప్రాధాన్యం లెక్కించవలసిన పని లేకపోయింది. 2021 నవంబరులో పూర్తికాలపు ఎన్నికలో కవిత ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. మూడు ఎన్నికల్లో ఓటరు పోలింగు కేంద్రానికి వెళ్లింది ఒక్కసారే.

ఇదే నేలపై జరిగిన మరో ఎన్నికతో దీనిని పోల్చాలి. 2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీపడ్డారు. వారిలో 178 మంది రైతులు. పసుపు బోర్డు, పసుపు, ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధర కోరుతూ వారు నామినేషన్లు వేశారు. పదిహేను లక్షలకు పైగా ఓటర్లున్న ఆ నియోజకవర్గంలో రైతు తన అసంతృప్తిని స్వయంగా బ్యాలెట్‌పై పేరుగా నమోదు చేయగలిగాడు. ఏడాదిన్నర తర్వాత మండలి ఉప ఎన్నికలో అభ్యర్థులు ముగ్గురు. ఆ మరుసటి ఏడాది ఒక్కరే.

ఈ తేడాకు ఓటర్ల నిరాసక్తత కారణం కాదు. స్థానిక సంస్థల సభ్యులు పార్టీ గుర్తుపై గెలిచినవారు. వారి సంస్థలు నిధుల కోసం రాష్ట్ర ప్రభుత్వంపై ఆధారపడతాయి. రహస్య బ్యాలెట్ ఉన్నా, ఓటర్లను శిబిరాలకు తరలించే క్యాంపు రాజకీయం ఈ ఎన్నికలకు అలవాటుగా మారింది. ఓటర్ల సంఖ్య వందల్లో ఉన్నప్పుడు మెజారిటీ ముందే లెక్కతేలుతుంది. ప్రత్యర్థికి పోటీలో అర్థం కనిపించదు. ఏకగ్రీవం ఇక్కడ ఏకాభిప్రాయానికి గుర్తు కాదు. ఓటర్ల జాబితా చిన్నదై, ఒకే పార్టీ చేతిలో ఉండటానికి గుర్తు.

ఓటర్ల జాబితా పెద్దదైతే పోటీ స్వభావం మారుతుందనడానికి ఇదే ప్రాంతంలో నిదర్శనం ఉంది. మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్, కరీంనగర్ ఉమ్మడి జిల్లాల పట్టభద్రుల స్థానానికి 2025 ఫిబ్రవరి 27న పోలింగు జరిగింది. మూడున్నర లక్షల పట్టభద్రులు నమోదైన ఆ స్థానంలో తొలి ప్రాధాన్యంతో ఎవరూ కోటాకు చేరలేదు. తక్కువ ఓట్లు వచ్చినవారిని వరుసగా తొలగిస్తూ, వారి ఓట్లను బదిలీ చేసి మార్చి 5న ఫలితం ప్రకటించారు. ఇరవై వేలకు పైగా ఓట్లు చెల్లకపోవడం ఆ ఎన్నికలోని మరో పార్శ్వం. పద్ధతి క్లిష్టమైనదే గాని, ఫలితం ముందే తెలిసినది కాదు.

7. ఓటరు లేని కాలం

స్థానిక సంస్థల నియోజకవర్గంలో ఎన్నిక జరపాలంటే ఆ సంస్థల్లో కనీసం 75 శాతం పనిచేస్తుండాలని, ఓటర్లలో కనీసం 75 శాతం అందుబాటులో ఉండాలని ఎన్నికల సంఘం నియమం పాటిస్తోంది. కాబట్టి స్థానిక ఎన్నికలు ఆలస్యమైతే మండలి స్థానాలు కూడా ఖాళీగా ఉండిపోతాయి. ఆంధ్రప్రదేశ్‌లో మండల, జిల్లా పరిషత్తుల ఎన్నికలు ఆలస్యమై, 2021 సెప్టెంబరులో ఫలితాలు వెలువడిన తర్వాతే, ఖాళీగా ఉన్న స్థానిక సంస్థల మండలి స్థానాలు ఆ ఏడాది చివర భర్తీ అయ్యాయి.

తెలంగాణలో 2019లో ఎన్నికైన మండల, జిల్లా పరిషత్తుల పదవీకాలం 2024 జులైలో, నిజామాబాద్ నగరపాలక సంస్థ, బోధన్ పురపాలక సంఘం వంటి వాటి పదవీకాలం 2025 జనవరిలో ముగిసింది. వెంటనే కొత్త ఎన్నికలు జరగలేదు. ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. కవితను ఎన్నుకొన్న ఓటర్ల జాబితా ఆ తేదీలతో చరిత్రలో కలిసిపోయింది. అప్పుడు ప్రతినిధి పదవిలో ఉన్నప్పటికీ, ఆమెను జవాబు అడగగల ఓటరు పదవిలో లేకపోయాడు. ఆరేళ్ల పదవీకాలాన్ని, ఐదేళ్ల స్థానిక సంస్థలను, వాటి ఎన్నికల జాప్యాన్ని కలిపి చూస్తే మండలి శాశ్వతత్వం సగమే నిజమని తేలుతుంది. భవనం శాశ్వతం; పునాది కాదు.

8. ముగింపు

మండలిపై చర్చ చాలాకాలంగా ‘ఉంచాలా, రద్దు చేయాలా’ అన్న రెండు మాటల మధ్యనే సాగింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2020 జనవరిలో రద్దు తీర్మానం చేసి, 2021 నవంబరులో దానిని ఉపసంహరించుకోవడం ఆ చర్చ ఎంత తాత్కాలిక ప్రయోజనాలతో ముడిపడి ఉందో చూపింది. నిజామాబాద్ అనుభవం మరో ప్రశ్నను ముందుకు తెస్తుంది. కర్మాగారం అమ్మకం నాడు మండలి లేదు, మూసివేత నాడు ఉంది. రెండు సందర్భాల్లోనూ చెరకు గ్రామపు సర్పంచు చేతిలో మండలి ఓటు లేదు.

గ్రామ పంచాయతీలను నాలుగో షెడ్యూలులో చేర్చడం వల్ల చక్కెర కర్మాగారం తెరుచుకోదు. క్యాంపు రాజకీయం కూడా అంతరించదు. పంచాయతీ సభ్యులు ఓటర్లుగా ఉన్న కర్ణాటకలోనూ ధన ప్రభావంపై విమర్శలు ఉన్నాయి. కానీ ఉమ్మడి జిల్లాలో ఓటర్ల సంఖ్య వందల నుంచి వేలకు పెరుగుతుంది. అభ్యర్థి బోధన్, వర్ని, రుద్రూరు గ్రామాల గడప తొక్కి, ఫ్యాక్టరీ గురించి అడిగే ప్రశ్నకు జవాబు చెప్పవలసి వస్తుంది. స్థానిక ఎన్నికలను సకాలంలో జరపడం దీనికి ముందు షరతు.

ఎగువసభను సమర్థించేవారు దానిని ఆలోచనాసభ అంటారు. వ్యతిరేకించేవారు ఓడినవారి ఆశ్రయం అంటారు. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చేది సభలోని సభ్యుల గుణగణాలు మాత్రమే కాదు, వారిని పంపే ఓటర్ల జాబితా కూడా. మండలి సంస్కరణపై పరిశోధన హైదరాబాద్‌లోని సభాభవనంతోపాటు, బోధన్ మండల పరిషత్తు కార్యాలయంలోని ఆ జాబితాను కూడా ఆధారంగా స్వీకరించవలసి ఉంది.